నువ్వుగింజ

దైగా వీటోలకు అది దొరికింది
రీగాలో, ఏప్రిల్ చివర, రాత్రి రెండింటికి,
కిటికీ కింద చివరి ట్రాము డిపోకి వెళ్ళిపోయాక.

పంతొమ్మిదేళ్ళ కిందటి కోడు.
ఏ బొమ్మ తెరవాలన్నా ముందు
దాని పొడవూ వెడల్పూ కొలిచే ముప్పై నాలుగు వరుసలు.
అందులో "తక్కువ" అని ఉండాల్సిన చోట
"తక్కువ లేదా సమానం" అని ఉంది.
ఒక్క గుర్తు ఎక్కువ, అంతే.
కుంచం నిండాక పోసిన ఒక్క గింజ
ఎటు దొర్లుతుందో కనిపెట్టినవాడికి
అదే తాళంచెవి.

ఆమె ఒక బొమ్మ చేసింది, ఒకే ఒక్క బూడిదరంగు చుక్క.
పాత లాప్‌టాప్ మీద తెరిచింది.
అడక్కుండానే కాల్కులేటర్ తెరుచుకుంది,
ఇంట్లో దూరిన దొంగ ఏమీ ముట్టుకోకుండా
ముందుగదిలో కూర్చుని కూడికలు చేస్తున్నట్టు.

ఆ వరుసలు రాసినవాడు ఓతారులో ఉంటాడు,
జపాను ఉత్తరాన, మంచు కురిసే రేవు.
పేరు కాన్జి మోరియా. పియానోలు శ్రుతి చేసి బతుకుతాడు.
పదకొండు రోజులకు జవాబు వచ్చింది:
"మన్నించండి, ఆసుపత్రిలో ఉన్నాను.
మీరు చెప్పింది నిజమే. ఆ వరుస నాకు గుర్తుంది.
మా అమ్మాయికి పళ్ళొస్తున్న రాత్రి
ఒక చేత్తో ఎత్తుకుని రెండో చేత్తో కొట్టాను.
దిద్దడానికి నిమిషం చాలు.
దిద్దింది అందరికీ చేరాలంటే తొంభై రోజులు.
అందాకా ఎవరికీ చెప్పకండి."

నోట్లో నువ్వుగింజ నానదని కొందర్ని అంటాం.
దైగా నోట్లో అది తొంభై రోజులు నానాలి.

ట్రాములో ప్రకటనలు మారే తెర, అదీ బొమ్మే.
పళ్ళ డాక్టరు వెలుతురుకెత్తి చూపిన దవడ, అదీ.
బజార్లో పొగబెట్టిన చేపలమ్మే ఆవిడ
మనవడి ఫోటో వచ్చిందని ఫోను చాపితే
ముద్దొస్తున్నాడు అనేలోపే
దైగా కళ్ళు పొడవూ వెడల్పూ కొలిచేశాయి.

ఆఫీసులో గున్వాల్దిస్ మన సర్వర్లు కోటగోడలన్నాడు.
ఆమె చక్కెర లేని టీని
చాలాసేపు కలిపింది.

గడియ లేని తలుపు ముందు కాపలా కూర్చుంటే
దొంగకు దారి చూపినట్టే.
కూర్చోకపోతే నిద్ర లేదు.
నాకు దొరికింది ఇంకొకరికి దొరకదా?
దొరికి, నాలాగే నోరు మూసుకుని,
వేరే ధరకి?

నలభై ఆరో రోజు, ఏడాదికల్లా చిన్న రాత్రి.
ఊరవతల మంటలు వేసి, ఆకుల కిరీటాలు పెట్టుకుని
స్నేహితులు నిప్పు మీంచి దూకుతున్నారు.
సీమ జీలకర్ర వేసిన జున్ను ముక్క చేతికిచ్చారు.
ఒక గింజ పంటిసందులో ఇరుక్కుంది.
తెల్లారేదాకా నాలుకతో దాన్నే తడుముకుంటూ
పాటల్లో పెదవులు మాత్రం కదిపింది.

తొంభయ్యో రోజు ఉదయం చెప్పేశారు.
మధ్యాహ్నానికి లోకమంతా ఆ గుర్తు గురించే.
డబ్బు పుచ్చుకోని మనిషిని
జీతగాణ్ణి నిలదీసినట్టు నిలదీశారు.
ఊరికే ఇచ్చిన ఆవుకి
పంతొమ్మిదేళ్ళు పాలు తాగాక పళ్ళు లెక్కపెట్టారు.
మోరియా ఇదేమీ చూడలేదు.
సెలవులకు ఖాళీ అయిన ఒక బడిలో
ఒకే మీటను మళ్ళీ మళ్ళీ నొక్కుతూ తీగ బిగిస్తున్నాడు.
వెంట్రుకవాసి తక్కువ.
వెంట్రుకవాసి ఎక్కువ.
ఆగి, విని,
సమానం.

ఆ సాయంత్రం మెట్ల మీద పక్కింటి ఔస్త్ర కూర్చోబెట్టింది.
"వసంతమంతా మాటే లేదు నీకు,
ఎవర్నో ప్రేమించావనుకున్నాను."
దైగా నవ్వింది. నవ్వి, మొత్తం చెప్పేసింది,
చుక్కా, పియానోలూ, పళ్ళొస్తున్న పాపా,
ఊపిరి తిప్పుకోకుండా.

ఔస్త్ర అంతా విని "అయ్యో పాపం" అంది, ఎవర్నో మరి.
అప్పుడే ఆవిడ ఒళ్ళో ఫోను వెలిగింది,
కొత్త దిద్దుబాటు సిద్ధం, ఇప్పుడా, తర్వాతా అని.
ఆవిడ వేలు, ఎప్పట్లాగే, చూడకుండానే,
తర్వాత మీద పడింది.