మేకల బాట

ఆదివారం పొద్దున అయిదింటికి
నార్సింగి చౌరస్తాలో ఇరానీ హోటల్ షట్టర్ సగం లేచే వేళకు
మేం పదకొండు మందిమి.
వరూధిని మేడం, రిటైరైన కెమిస్ట్రీ టీచరు, మోకాలికి పట్టీ.
నాజిమా, ఆమె చెల్లెలు, ఫ్లాస్కులో సులేమానీ.
కంప్యూటర్ పిల్లలు ఇద్దరు, కళ్లలో ఇంకా నిద్ర,
వాళ్ల బూట్ల ఖరీదు నా నెల కిరాయి.
మిగతావాళ్లు ఒక్కోవారం ఒక్కొక్కరు.
నేను షుగర్ మూడువందలు దాటి వచ్చినవాణ్ణి.
కొండల మీద ప్రేమేం లేదు,
డాక్టర్ చీటీ మీద రాసిచ్చిన గుట్ట.

ఫోన్‌లో ఈ దారి ఒక నీలిగీత.
మూడు కిలోమీటర్ల చిల్లర, సులువు, అని రాసి ఉంటుంది.
ఆ గీత మూడుచోట్ల అబద్ధమాడుతుంది.
ఒకచోట రేకుల ప్రహరీ.
ఒకచోట క్వారీ గుంత, ఆకుపచ్చ నీళ్లు, ఒంటరిగా ఒక బుడుబుంగ.
మూడోచోట
ముప్పై నాలుగు అంతస్తులు.

బండ మీద బండ, దాని మీద ఇంకో బండ,
చేతిలో ఉన్నది దించి ఎవరో మరిచిపోయినట్టు.
ఎవరు పెట్టుంటారు మేడం, అన్నాడు ఒక పిల్లవాడు.
"ఎవరూ పెట్టలేదు.
చుట్టూ ఉన్నదంతా పోయింది. ఇవి మిగిలాయి."
ఆమె మోకాలు రుద్దుకుంటూ చెప్పింది, పాఠంలాగా కాదు.

ఇంకో బండకు నడుము వెంట వరసగా తొమ్మిది గాళ్లు.
చీలుద్దామని ఉలి పెట్టి
సగంలో లేచిపోయిన పని.
లారీ రాలేదో, కూలి కుదరలేదో,
గొంగట్లో రొట్టె విప్పుకుని ఆ పక్కకు కూర్చున్నాడో.
వేళ్లు సరిగ్గా అందులో పడతాయి.
ఎవరో ఆపేసినచోటు పట్టుకుని
మేం పైకి పోతాం.

ఆషాఢంలో ఒక ఆదివారం, తుంపర,
ముప్పై నాలుగు అంతస్తుల గేటు ముందు
ఫోన్‌ను ఇటు తిప్పి అటు తిప్పి చూస్తుంటే
వాచ్‌మన్ నవ్వాడు.
"ఆ బాట నాది సార్."
పేరు బీరయ్య.
"నాదంటే నాది గాదు, మేకలది.
నూటిరవై ఉండె. అవి యెటు వోతె నేనటు వొయిన.
బాట అట్ల పడ్డది."
మరి మేకలు?
"మేసే జాగ వొయినంక వాటిని వెట్టుకోని ఏంజేస్త?"
సి-బ్లాక్ పార్కింగ్‌లోకి, తెల్లకారుకూ ఎర్రకారుకూ మధ్యకు
వేలు చూపించాడు.
"బాట గట్ల వోతది."
పోయేది అనలేదు.
పోతది అన్నాడు.

తరవాతి వారం నైట్ డ్యూటీ దిగి మాతో వచ్చాడు,
యూనిఫాంలోనే, జేబులో విజిల్‌తో, రబ్బరు చెప్పులతో.
ముందు నడిచాడు. కిందికి చూడలేదు.
నీలిగీత కుడికంటే ఆయన ఎడమకు తిరిగాడు,
ఆయన తిరిగిన చోటే నేల గట్టిగా ఉంది.
సీతాఫలం పొదలు దాటాక
అంచు దగ్గర, వెనక్కి చూడకుండా,
హుర్ర్‌ర్ర్ హో
అని ఒక్క కేక.

మేం ఆగిపోయాం.
ఆగడమే కాదు, దగ్గర దగ్గరకు జరిగాం,
నాజిమా ఫ్లాస్కు, వెయ్యిరూపాయల కర్రలు, మోకాలిపట్టీ,
భుజాలు భుజాలకు తగిలాక గానీ తెలియలేదు.
అందరం ఒక్కసారే నవ్వాం.
బీరయ్య నవ్వలేదు.
వేలితో గాలిలో లెక్కపెట్టాడు.
"పదకొండు," అన్నాడు. "ఉన్నయ్."

పైన గండిపేట నీళ్లు ఒక పక్క,
క్రేన్లు ఒక పక్క. సులేమానీ అందరికీ రాలేదు,
మూతలో ఇద్దరిద్దరం తాగాం.
గుట్ట పేరేంటని అడిగితే
"గుట్టనే," అన్నాడు.

ఇంటికొచ్చి లిఫ్టులో
అద్దంలో నన్ను చూసుకోకుండా కిందికి చూశాను.
మేజోళ్ల నిండా ఉత్తరేణి గింజలు,
తలకిందులుగా, పట్టు విడవకుండా.
ఇవి మేకల బొచ్చుకు అంటుకుని
ఎటో పోవాల్సినవి.
గిల్లబోయి ఆగాను.
ఒకటి, రెండు, మూడు.
తలుపు తెరుచుకుంది.
ఎక్కడ దింపమంటాయో
అవే చెప్పాలి.