నాలుగు విశ్వవిద్యాలయాల్లో నిద్రపోయాను

తాళంచెవికి ఇరవై యూరోల డిపాజిట్టు.
"పోగొడితే తిరిగి రాదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు,
మొటిమలింకా మానని వాడు.
నలభై ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో
ఒక్క కత్తి పోగొట్టుకోని దాన్ని,
తాళంచెవి పోగొడతానా?
అనలేదు. సంతకం పెట్టాను: హెల్వి పూస్తినెన్.
వృత్తి అన్న గడిలో ఏం రాయాలో తోచక
చిన్న అడ్డగీత గీశాను.

జోయెన్సూ. మూడో అంతస్తు, మూడు వందల పధ్నాలుగు.
వేసవిలో పిల్లలు ఊళ్ళకి పోతే
గదులు మాబోటివాళ్ళకి.
హోటల్లో ఒక రాత్రి ధరకి ఇక్కడ మూడు రాత్రులు.
దుప్పటికి వేరే, తువ్వాలుకి వేరే,
సబ్బు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

మంచం సరిగ్గా ఒక మనిషికి కొలిచి చేసింది.
పక్కకి ఒత్తిగిలాలంటే ముందు లేచి కూర్చోవాలి.
ఏదో బొమ్మ ఊడబెరికిన చోట
గోడకి నాలుగు మూలలా జిగురు మరకలు.
కిటికీలో ఎండిపోయిన మొక్క,
మట్టిలో గుచ్చిన చీటీ: దయచేసి నీళ్ళు పొయ్యండి.
పోశాను. ఆలస్యమైందని తెలిసే పోశాను.

బల్ల అడుగున వేలికి ఏదో గరుగ్గా తగిలింది.
వంగి చూస్తే, గీసిన గీతలు, అయిదేసి కట్టలు.
ఏడు కట్టలూ రెండు గీతలూ.
పరీక్షకి మిగిలిన రోజులో,
ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిన రోజులో.
మేమూ గీసేవాళ్ళం,
ఫ్యాక్టరీ మరుగుదొడ్డి తలుపు వెనక, పెట్టెల లెక్క,
మేస్త్రీ దొంగలెక్క రాస్తే పట్టుకోడానికి.

పదకొండు కావస్తున్నా గోడ మీద ఎండ.
తెర పాలమీగడంత పల్చన.
చిన్నవాళ్ళ నిద్రకి అది చాలేమో,
నాది అసలే కోడినిద్ర.

వంటగదికి పోయాను.
అలమారలన్నిటికీ బుల్లి తాళాలు, తాళాల మీద పేర్లు:
సాంతేరి. ఇల్మి. మిస్బా, పక్కన
నా పప్పులు ముట్టుకుంటే మర్యాద దక్కదు అని.
మాకు వదిలింది పిడి లేని సత్తుగిన్నె, రెండు చెంచాలు.
ఆ గిన్నె ముందు నిలబడి ఉందొక పిల్ల,
ఊలు మేజోళ్ళతో, చేతిలో కాగితాలతో,
నీళ్ళు మరిగి సగమైనా చూసుకోకుండా.

తెల్లారితే ప్రవేశపరీక్షట, అడవుల చదువుకి.
పేరు సైమి. కుహ్మో నుంచి నాలుగు గంటల బస్సు.
"మీరేం చదివారు ఇక్కడ?" అడిగింది,
నా కళ్ళజోడు చూసి కాబోలు.

"నాలుగు విశ్వవిద్యాలయాల్లో నిద్రపోయానమ్మా.
ఓలు, తుర్కు, వాసా, ఇప్పుడిక్కడ.
ఒక్కదాన్లోనూ మెలకువగా లేను."

నవ్వలేదు. పరీక్ష ముందు ఎవరు నవ్వుతారు.
కాగితాలు నా చేతిలో పెట్టి
"ఏదైనా అడగండి" అంది.

అక్షరాలు వచ్చు నాకు, అర్థం కావడం వేరే సంగతి.
ఉన్నది ఉన్నట్టు అడిగాను:
చెట్టుబెరడు మీద బూజుకీ నాచుకీ పొత్తు ఎలా కుదురుతుంది?
ఒకటి చోటిస్తుంది, ఒకటి తిండి పెడుతుంది, అంది.
తప్పో ఒప్పో నాకెలా తెలుస్తుంది!
గొంతు తడబడిన చోటల్లా "మళ్ళీ చెప్పు" అన్నాను,
కొత్తపిల్లల మణికట్టు చూసి
కత్తి ఎక్కడ జారబోతోందో కనిపెట్టినట్టు.
రెండింటికి ఓట్స్ జావ కాచాను.
మూడున్నరకి అది ఆవలించింది.
అప్పటికే మళ్ళీ సూర్యుడు.

లేచేసరికి తొమ్మిది దాటింది.
గిన్నె తోమి బోర్లించి ఉంది.
నెగ్గిందో లేదో నాకు తెలిసే దారి లేదు,
ఇంటిపేరైనా అడగలేదు.

వచ్చేముందు బల్ల కిందికి దూరి
తాళంచెవి మొనతో ఇంకో గీత గీశాను.
సెప్టెంబరులో ఎవరో లెక్క చూసుకుని
తికమకపడతారు. పడనీ.

కుర్రాడు ఇరవై నోటు వెనక్కి ఇచ్చాడు,
వెలుతురుకెత్తి చూసుకుని సంచిలో వేసుకున్నాను.
మెలకువగా ఉన్న రాత్రికి
ఎక్కువేమీ అడగలేదు.