ఓడ కడుపులో పన్ను

కృష్ణపట్నం రేవులో రాత్రి షిఫ్టు.
క్రేను పంజా అందుకోలేని మూలల్లోకి
చీపుర్లు పట్టుకుని మేం దిగుతాం
అరవై రెండు మెట్ల ఇనప నిచ్చెన.
ఈసారి సరుకు గోధుమరంగు రాతిపొడి,
ఎరువు చేసే రాయంట.
ముక్కుకు గుడ్డ కట్టుకున్నా
నాలిక మీద పేరుకుంటది.

ఊడుస్తుంటే చీపురుకి తగిలింది,
వేలెడు పన్ను.
అంచున రంపం నూరుడు ఇంకా పోలా.
తుడిచి చూడబోతే బొటనవేలు తెగింది.

మాయమ్మ చెంచమ్మ నలభై ఏళ్లు సొరలు కోసిన మనిషి.
దీపం కిందికి తెచ్చి, తిప్పి, వాసన చూసింది.
"సొరదే. మన సొర కాదబ్బయ్యా.
ఈ నోటికి మన పడవ ఒక ముద్ద."
ఎప్పటిదంటే,
"ఏమో, వాసన చచ్చిపోయింది" అనింది.

కుప్పల్లో శాంపిళ్లు తీసే ఇలియాజ్
టీ గ్లాసు చల్లారిందాకా చెప్పాడు.
ఐదున్నర కోట్ల ఏళ్ల కిందట
భూమికి జ్వరం తగిలిందంట.
వానలు కొండల్ని నాకి నాకి
రాళ్లలో భాస్వరాన్ని ఏళ్లకెత్తాయంట,
ఏళ్లు తెచ్చి కడలికి వడ్డించాయంట.
పైన పచ్చటి నాచు,
అడుగున ఊపిరి లేదు.

అక్కడ అతన్ని ఆపాను.
అది నేను చూశా.

రెండేళ్లు రొయ్యల గుంట కాడ కాపలా పడుకున్నా.
మేత ఎక్కువైన వారం నీళ్లు పచ్చగా చిక్కబడతాయి,
చూసేదానికి కళగానే ఉంటది.
మబ్బు పట్టిన రాత్రి కరెంటు పోయి
ఏరేటర్లు ఆగాయంటే
తెల్లారగట్ట రొయ్యలు గట్టుకొచ్చి
మీసాలెత్తి గాలి అడుక్కుంటాయి.
దిగితే మోకాటిదాకా నల్లబురద,
మురిగిన గుడ్డు కంపు.
నేను టార్చిలైటుతో చూసింది ఒక్క రాత్రి.
ఆ సముద్రానికి తెల్లారేదానికి
వేల ఏళ్లు పట్టిందంట.

ఇలియాజ్ నవ్వలా. మిగతాది మెల్లగా చెప్పాడు.
గాలి అందని బురదలో
ఇనుము పిడికిలి సడలుతుంది,
పట్టుకున్న భాస్వరం జారిపోతుంది.
చేపల ముళ్లు, పొలుసులు, పెంట,
కంటికానని జీవాల ఒళ్లు
ఎవరి బాకీ వాళ్లు అక్కడే తీర్చి పోతాయి.
ఆ బాకీని సున్నం చేరదీసి
చేపగుడ్డంత గింజ కడుతుంది,
గింజ మీద పొర, పొర మీద పొర.
తర్వాత అలలొచ్చి చెరుగుతాయి.
తేలిక బురద ఎగిరిపోద్ది,
బరువు గింజ నిలుస్తుంది.

నా మనసు ఆ చేట కాడే ఆగిపోయింది.
మొలగొలుకులు చెరిగే ఆడోళ్ల మణికట్టు,
పొట్టు పడిన కనురెప్పలు.
లక్షల ఏళ్లు ఎవురూ లేకుండా
అది ఒక్కటే చెరుక్కుంటా ఉండిందా?

రాయి లారీలెక్కి పోద్ది.
బస్తాలై తిరిగొస్తుంది.
ముత్తుకూరు సొసైటీ ముందర
చెప్పులు వరసలో నిలబెట్టి
రైతులు గోడనీడన కూచుంటారు.
మడి తిన్నంత తింటది,
మిగిలింది కాలవకి, కాలవ కండలేటికి,
ఆణ్నించి ఎటో చెప్పక్కర్లా.
మొన్న మా తమ్ముడి వలలో
చేపకంటే జిగురు నాచే ఎక్కువ.
మాయమ్మ ఆ వల కూడా వాసన చూసింది.
చేతులు కడుక్కుని లోపలికి పోయింది,
ఏం అన్లా.

నిన్న నా కూతురు హిమబిందుకి పాలపన్ను ఊడింది.
పేడలో పెట్టి కప్పు మీదికి విసరమంటే
విసరనంది.
అగ్గిపెట్టెలో సొరపన్ను పక్కన పండబెట్టింది.
"రెండూ ఒకటే రాయా నాయనా?"
ఒకటేనమ్మా అన్నా.
పెట్టె మూసి, చెవికాడ ఆడించి విని
అడిగింది:
"మరి నాదాన్ని ఎవురు ఊడుస్తారు?"