ఇరవై మూడో సెకను

గుణుపూర్ దాటి, వంశధార గట్టు కింద
పాత జనపనార గోదాములో
ఒక రైలుపెట్టెకి తలుపులు బిగిస్తున్నాం.
ఎక్కడిదో విమానాశ్రయం.
ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి
మనుషుల్ని మోస్తుందట, డ్రైవరు లేకుండా.
మాలో ఎవరం విమానం ఎక్కలేదు.
సుబర్ధన్ గమాంగ్ మాత్రం
భువనేశ్వర్‌లో ఒకసారి కంచె అవతల నుంచి చూశాడు.
"చప్పుడే ముందొస్తాది" అన్నాడు, అంతే.

మూడువందల మీటర్ల సిమెంటు దారి.
ఆ కొస నుంచి ఈ కొసకి, మళ్ళీ ఆ కొసకి.
రబ్బరు చక్రాలు. కూత లేదు, బొగ్గు లేదు,
ముందు అద్దం వెనక కుర్చీ కూడా లేదు.
ఆ ఖాళీ చూస్తే కొత్తలో నాకు
పన్నూడిన చోట నాలుక తిరిగినట్టుండేది.

మా తాత ముఖలింగం
నౌపడా చిన్నరైలుకి ముందు ఫైర్‌మన్, తర్వాత డ్రైవరు.
చెయ్యెత్తితే ఆపేవాడు.
చేతులు ఖాళీ లేక గెడ్డం ఎత్తినా ఆపేవాడు.
కాశీనగర్ దగ్గర ఒకమ్మ పనసకాయల తట్టతో
గట్టెక్కలేకపోతే, ఇంజను దిగి
తట్ట అందుకున్నాడని
జీతంలో పదిహేను రూపాయలు కోత.
ఆ కోత కాగితం ఇప్పటికీ
మా ఇంట్లో రేషను కార్డు మడతలోనే ఉంది.

ప్రయాణికులకి బదులు ధాన్యం బస్తాలు,
మిల్లు నుంచి అద్దెకి.
ఒక్కోటి డెబ్భై అయిదు కిలోలు,
మనిషీ మనిషి పెట్టే కలిపి అంతేనని లెక్క.
రాత్రి డ్యూటీలో తోచక సుబర్ధన్
సుద్దతో వాటికి పేర్లు పెట్టాడు.
కాంట్రాక్టరు పాఢీ గారికి కిటికీ పక్కన చోటు.
ఒకదాని మీద "దమయంతికి కాబోయే మొగుడు".
బ్రేకు పడినప్పుడల్లా అదొక్కటే ఒరిగిపోయేది.

తలుపు నా పని.
మధ్యలో చెయ్యి పెడతాను, మూసుకోదు.
గొడుగు పెడతాను, మూసుకోదు.
కొంగు కొస పెడితే
కాసేపు ఆలోచించి
మూసుకుంది.
ఆ రోజు పని అక్కడితో ఆపేసి
గాజుకన్నుని నాలుగు వేళ్ళు కిందికి దించాం.

కాగితం మీద ఇరవై రెండు సెకన్లు,
తెరుచుకుని, నిలబడి, మూసుకోడానికి.
ఒక మధ్యాహ్నం వానలో
క్యాంటీను బుద్రి ఒక చేత టీ కేను,
ఒక చేత గ్లాసుల బుట్టతో
"ఆపండర్రా" అంటూ పరిగెత్తుకొచ్చింది.
ఎవర్ని ఆపమంటోంది?
కాలు గుమ్మం దాకా వచ్చేసరికి
తలుపు ఆమె మొహం ముందు
మెత్తగా, చాలా మర్యాదగా మూసుకుంది.
టీ అక్కడ, బస్తాలు ఇటు.
అందరూ నవ్వారు. బుద్రి కూడా.
ఎంతలో తప్పిందో నాకు తెలుసు,
గడియారం నా చేతిలోనే ఉంది.

ఆ సాయంత్రం అంకె మార్చాను.
ఇరవై మూడు.
ఎవరినీ అడగలేదు.
కోత పెడితే ఎంత మిగుల్తుందో
ఒకసారి లెక్క చూసుకున్నాను.

తర్వాత అది టార్పాలిన్ కప్పుకుని
పొడుగు లారీ మీద వెళ్ళిపోయింది
ఘాటీ దారిన, నడక కన్నా నెమ్మదిగా.
ముందు ఎర్రజెండాతో ఒక కుర్రాడు.
డ్రైవరు లేని రైలుని
ఇద్దరు డ్రైవర్లు మార్చి మార్చి తోలుకుపోయారు.
నా సెకనుని అక్కడెవరో చూసి
కొట్టేసే ఉంటారు. లేకపోతే లేదు.

బస్తాలు మిల్లుకి తిరిగెళ్ళాయి.
మొన్న సంతలో
నూకలు పోసిన ఒక పాత గోనె మీద, మడత కింద,
సుద్ద చెరిగీ చెరగక
"...గుడు" అని ఉంది.
రెండు కిలోలు తీసుకున్నాను.