మూడో గడి

పై చదువు చదివే అక్క ఒకామె బరంపురం నించి వచ్చి
మా క్లాసులో కాగితాలు పంచింది.
ఇరవై నాలుగు వాక్యాలు, ప్రతిదానికీ ఎదర మూడు గళ్ళు:
ఒప్పుకుంటాను, ఒప్పుకోను, చెప్పలేను.
పేరు రాయక్కర్లేదంది.
అయినా కుంతల బెహరా
మోచెయ్యి అడ్డం పెట్టుకునే నింపింది.

బడిపిల్లలకు లైంగిక విద్య అవసరం.
అందరం ఒప్పుకున్నాం. టిక్కు టిక్కుమని
రేకు మీద తొలి చినుకుల్లా పెన్నులు.
ఆ పాఠం నేను సంకోచం లేకుండా చెప్పగలను.
పెన్నులు ఆగేయి.
కిటికీ అవతల గుణుపురం పాసింజరు
కూత పెట్టి నౌపడా వైపు వెళ్ళిపోయింది.

నేను కిందటి శుక్రవారంలోకి వెళ్ళేను.

కొండ మీద ఆశ్రమ పాఠశాల. నలభై మంది ఆడపిల్లలు,
నూనె కారే జడలు, వరండా నిండా ఉడుకుతున్న పప్పు వాసన.
మేకు దొరక్క చార్టుని కుంతల ఎత్తి పట్టుకుంది.
అందులో గర్భసంచి
అచ్చం కొమ్ముల పొట్టేలు తలలా ఉందని
వెనక ఎవరో నవ్వేరు.
నిజమే. రెండేళ్ళుగా చూస్తున్నాను,
నాకెప్పుడూ తోచలేదు.

నోరు తెరిచేను.
నా దగ్గరున్నవి రెండు రకాల మాటలు.
ఒకటి పుస్తకంలోది, మడి కట్టుకుని కూర్చున్నది,
దగ్గరికెళ్తే జరగమంటుంది.
రెండోది బస్టాండులో ఒక ఆటోవాడు
ఇంకో ఆటోవాడి తల్లిని తిట్టేది.
ఈ రెంటికీ నడుమ
ఆ ఉప్పు ఇలా అందుకో అన్నట్టు
మామూలుగా పలికే మాట ఒక్కటీ లేదు నాకు.
కుంతల వైపు చూసేను.
ఒడియాలోనూ అంతేనని కళ్ళతోనే చెప్పింది.
ఇంగ్లీషు మాట ఉంది గానీ
దానికి డెట్టాలు వాసన.

రెండొందల ఆరు ఎముకలు గడగడా అప్పజెప్పినదాన్ని.
పురుషుల వార్డులో గొట్టాలు వేసినదాన్ని.
కాన్పుల గదిలో రక్తం చెప్పుల్లోకి జారినా
అడుగు వెనక్కి వెయ్యలేదు.
మాట దగ్గర వేసేను.

"అక్కడ" అన్నాను, బొమ్మ మీద కర్ర ఆనించి.
"ఆ కింద."
"ఆ... చోటు."

మా అమ్మ కూడా అంతే. "బయట చేరేవు" అంది,
ఒక చాప, ఒక చెంబు విడిగా ఇచ్చింది.
పదమూడేళ్ళ నేను ఆ రాత్రంతా
వీధిగుమ్మం బయట ఏం చేరిందో అని
తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాను.

మూడో వరసలో సుమొంతి సబర లేచి
సవర భాషలో ఏదో అడిగింది.
వంటగది గుమ్మంలో గరిటెతో నిలబడ్డ బుదారమ్మ
మాకు తెలుగులో చెప్పింది:
"అక్కడ నొప్పెడితే డాకటేరుకి
ఎక్కడని సెప్పాలీ అంతంది."

నేను చార్టు చూసేను. కుంతల నన్ను చూసింది.

బుదారమ్మే గరిటె చివరి పప్పు విదిలించి
తన భాషలో ఒక మాట అంది.
మోకాలు, గోరు, చెవితమ్మె అన్నంత తేలిగ్గా.
నలభై గొంతులూ దాన్ని తిరిగి అన్నాయి.
ఒక్కరూ నవ్వలేదు.
అరచేతిలో తెలుగు అక్షరాల్లో రాసుకోబోయేను,
చివరి సగం శబ్దానికి అక్షరం దొరకలేదు.
ఉన్న సగం మధ్యాన్నం అన్నంతో పాటు పోయింది.

అక్క గడియారం చూసుకుంటోంది.
మూడో గడిలో టిక్కు పెట్టేను.
ఆమె లెక్కలో నేను
అభిప్రాయం లేనివాళ్ళ కింద పోతాను.
పోనీ.

ఆ రాత్రి హాస్టల్లో, దీపాలార్పేక,
దోమతెర లోంచి కుంతల
నా తెలుగులోని ఆ బస్టాండు మాటని
తిట్టు కాకుండా అనడానికి ప్రయత్నించింది.
ఇద్దరం దిండ్లు కొరుక్కుని నవ్వేం.
తన ఒడియా మాట నేను అన్నాను. మళ్ళీ నవ్వేం.
మూడోసారికి నవ్వు కొంచెం తగ్గింది.
అయిదోసారికో ఆరోసారికో
వార్డెన్ తలుపు దబదబా బాదింది, ఏంటా గోలని.

"పాఠం, మేడమ్"
అంది కుంతల.