పెద్ద పట్టీ

రెండో సంవత్సరం, ఆడవాళ్ళ వార్డు, పొద్దుటి డ్యూటీ.
పదకొండో మంచం కుప్పమ్మ.
బీపీ పట్టీ చుడితే
ఒక కొస ఇంకో కొసని అందుకోలేదు.
బిగించి లాగాను.
వెనకనుంచి హేమవతి నా చెవిలో ఒక మాట అంది,
ఏ మాటో ఇక్కడ రాయను.
నవ్వింది తనొక్కతే కాదు,
అది మాత్రం రాయాలి.

నూట అరవై ఆరు.
కేసుషీటులో ఎక్కించేశాను.
కారణం కూడా నాకు ముందే తెలిసినట్టుంది.

ఎస్తేరు మేడమ్ ఏమీ అనలేదు.
అలమర పైఅరలోంచి దుమ్ముపట్టిన
వెడల్పు పట్టీ దించి నా చేతిలో పెట్టింది.
'మళ్ళీ చూడు.'
నూట నలభై రెండు.
'ఆ ఇరవై నాలుగూ ఆమెవి కావు. మనవి.'

మధ్యాహ్నం క్లాసులో తలా ఒక చీటీ.
పదకొండో మంచాన్ని చూడగానే తోచిన మొదటి మాట,
పేర్లొద్దు.
ముప్పై మూడు చీటీలూ
జ్వరం చార్టు చదివినట్టు చదివింది, గొంతు పెంచకుండా.
బద్ధకం. తిండి. బద్ధకం.
ఎవరెత్తుతారు. పాపం. బద్ధకం.
నాది వచ్చినప్పుడు ఫ్యాను వైపు చూశాను.
'ఆమె ఏం పని చేస్తుందో ఎవరైనా అడిగారా?'
ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

సాయంత్రం అడిగాను.
కొలవడానికేం లేదు, ఊరికే, స్టూలు లాక్కుని.
లీలామహల్ కాడ పూలంగడికి మాలలు కడుతుందట,
రాత్రి మూడింటికి లేచి, ఎనిమిది దాకా కూర్చున్న చోటే.
'మోకాళ్ళు పట్టేసి రెండేండ్లాయ పాపా.
ఈడికి రాకూడదనే వుంటి.
పోయిన తూరి తూకం మిషనెక్కితే
ఆ పిల్ల గెట్టిగా అరిచి చెప్పె,
ఓపీ లైనంతా తిరిగి చూసె.'

చీర కొంగు మడత విప్పి, మళ్ళీ మడిచి,
'కొండమింద మా పిల్లోడికి తులాభారమిస్తిమి, బెల్లం.
వాడి తట్ట లేవనే లేవదు.
ఇంకో దిమ్మె, ఇంకో దిమ్మె పెడతా వుంటే
మా ఆయన మురిసిపాయ.
అదీ బరువే గదమ్మే.'

నా దగ్గర జవాబు లేదు.
తెల్లారి తూకం మిషన్ని
నేనూ ఆయమ్మా కలిసి తెర వెనక్కి ఈడ్చాం.
అంకె చూశాను, రాశాను,
పెదవి కదపలేదు.
ఎవరో షీటులో 'సహకరించడం లేదు' అని రాసిన చోట
కింద చిన్న అక్షరాల్లో చేర్చాను:
మోకాళ్ళ నొప్పి, రెండేళ్ళు.
కూర్చుని పని. అడిగితే చెప్తుంది.

హేమవతి ఇంకా అప్పుడప్పుడూ ఆ మాట అంటుంది.
నవ్వు నాకూ పెదవిదాకా వస్తుంది,
అబద్ధమెందుకు.
పెద్ద పట్టీ మాత్రం
ఇప్పుడు పైఅరలో లేదు.