చివరి అంకె

ఎనుమాముల మార్కెట్లో
నా చిప్పు పెట్టిన కాంటాకి మొదటి పొద్దు.
మిర్చి బస్తా ఎక్కగానే
ఎర్ర అంకెలు నలభై ఒకటి దాకా నిలకడగా వెలిగి
చుక్క దాటాక
రెండా, మూడా, మళ్లీ రెండా అని
ఈగ వాలినట్టు ఆడాయి.

రేగొండ ఓదెమ్మ వంగి చూసింది:
"గా కొసాకరిది ఎందుకు వణుకుతాంది బిడ్డా,
జరమొచ్చిందా?"

గుమాస్తా అప్పటికే రెండు రాసేశాడు.
వణికే అంకెల్లో తక్కువదే
ఎప్పుడూ కాగితమెక్కుతుంది.

"వేడికమ్మా" అన్నాను.
"అయితే బస్తా మీద కప్పినట్టు
దానిమీద గూడ తడిగోనె కప్పరాదు?"

రాత్రి కాజీపేట గదిలో లెక్క మళ్లీ వేశాను.
తెల్లారుజామున మూడు వందల కెల్విన్లు,
మిట్టమధ్యాహ్నం మూడు వందల పదహారు.
రోహిణి ఎండంతా, రోడ్డు తారు కరిగిన ఎండంతా
గోలకి కలిపింది
రెండు మైక్రోవోల్టులు కూడా కాదు.
తడిగోనె వల్ల కాదు ఓదెమ్మా.
ఆ వణుకు వేసవిది కాదు,
వేడి అనేది ఉన్నంత కాలం ఉండేది.

స్విచ్చు మూసినప్పుడు కెపాసిటర్ నిండుతుంది,
తెరిచినప్పుడు ఆ క్షణాన ఎంత ఊగుతోందో
అంతే గడ్డకట్టిపోతుంది,
గోళెంలో ముంత ముంచి ఎత్తినట్టు.
ఊపు అన్ని పాత్రలకీ ఒకటే.
గోళెంలో గీత కదలదు,
చిన్న ముంతలో అంచు దాకా ఎగురుతుంది.

రెసిస్టర్ తగ్గిస్తే పోతుందనుకున్నాను, చదువుకునే రోజుల్లో.
అది గోలని తగ్గిస్తూనే గుమ్మాన్ని వెడల్పు చేస్తుంది.
చివరి వరుసలో తనను తానే కొట్టేసుకుని వెళ్లిపోతుంది.
మిగిలేవి రెండే: వేడి, పాత్ర.

ఒక పికోఫారడ్, అరవై నాలుగు మైక్రోవోల్టులు.
సగానికి తేవాలంటే నాలుగు పికోఫారడ్‌లు.
మళ్లీ సగానికి పదహారు.
ఒక్క బిట్టు నిజానికి నాలుగింతల స్థలం,
నింపే యాంప్లిఫైయర్‌కి నాలుగింతల దమ్ము,
బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ.
కిటికీ కింద గూడ్సు బండి
ఎంతకీ తెగక పోతూనే ఉంది.

మర్నాడు ఓదెమ్మ రెండో బస్తా.
గుమాస్తా కలం ఎత్తాడు.
ఆమె అరచేయి కాగితం మీద పెట్టింది.
"ఒక్కపారి సూసి రాసుడేంది?
నాలుగుపార్లు సూడు, నడిమిది రాయి."

నాలుగుసార్లు.
నవ్వు రాలేదు నాకు, నిలబడిపోయాను.
నాలుగుసార్లు చూసి సగటు తీస్తే
గోల సరిగ్గా సగం.
నేను సిలికాన్‌లో కొనలేక వదిలేసిన జాగాని
ఆమె కాలంలో కొంటోంది.

ఊరికే రాదు అది కూడా.
రెండో బస్తా భుజాన ఎత్తుకుని
హమాలీ కొమ్మాలు వెనక నిలబడి ఉన్నాడు.
"జల్ది కానియ్యి సారూ, మెడ ఇరుగుతాంది."
నా సమీకరణంలో
ఆయన మెడకి అక్షరం లేదు.

అయినా చూశాం. మూడు, రెండు, మూడు, మూడు.
గుమాస్తా గొణుక్కుంటూ మూడు రాశాడు.
అప్పుడే మిర్చి ఘాటుకి ఎవరో గట్టిగా తుమ్మారు,
అంకె తొమ్మిదికి ఎగిరి
తిరిగొచ్చింది.
ఓదెమ్మ నా వైపు తిరిగి,
"గిది గూడ వేడేనా?"